ఏడో మేకు

ఒంటోనాగన్ నది ఒడ్డున
ఎండ దిగని ఉత్తరపు వాలు.
ఎర్రటి జిగురుమన్ను
బూటును పట్టుకుంటే ఒక పట్టాన వదలదు.
ధార లేదు, చప్పుడు లేదు,
మట్టికే చెమట పట్టినట్టు
అంతటా ఊట.

కోరిన్ మోకాళ్ళ మీద కూచుని
గజం చదరపు చట్రం నేలమీద పరుస్తుంది.
గుర్రపుతోక మొక్కలు నలభై ఒకటి.
నాచు, సగానికి కొంచెం ఎక్కువ.
కంపుక్యాబేజీ ఒకటి:
మార్చిలో ఒంటివేడితో మంచు కరిగించుకుని
అడవికంటే ముందు లేచింది,
ఇప్పుడు జూన్‌లో ఆకులు బార్లా చాపుకుని బద్ధకంగా ఉంది.
సీడర్ మొలక ఒకటి. జింక కొరికింది.
అన్నీ పెన్సిల్‌తోనే.
ఈ తడికి సిరా నిలవదు.

ఆరు మేకులు దొరికాయి.
ఏడోది లేదు.
నిరుడు తనే దిగ్గొట్టింది, తన చేతుల్తో,
ఆ ముసలి బర్చ్‌కి ఎడంపక్క.
బర్చ్ కూడా లేదు.

గట్టుమీంచి ఒన్ని లహ్తి చూస్తున్నాడు
చేతికర్ర మీద గడ్డం ఆనించి.
"కిందికి చూడమ్మా.
ఇక్కడ పోయినవన్నీ కిందే ఉంటాయి.
మా నాన్న కట్టిన ఆవిరిస్నానాల గది
గోడ పగల్లేదు, పొయ్యి ఒరగలేదు,
పదేళ్ళలో నడుచుకుంటూ ఏటి దాకా వెళ్ళింది.
ఓ శనివారం అమ్మ తలుపు తీస్తే
గడప అవతల ఏరు."

నాలుగు బారల దిగువన దొరికింది మేకు,
నిటారుగా,
తనవాళ్ళందరితో సహా.
పక్కనే బర్చ్. మొదలు కొడవలి, పైన నిలువు.
జారిన ప్రతిసారీ
పైకి దారి ఎటో మళ్ళీ వెతుక్కున్న చెట్టు.

చట్రం పరిచి లెక్కపెట్టింది.
నిరుడు ముప్పై ఎనిమిది గుర్రపుతోకలు.
ఇప్పుడూ ముప్పై ఎనిమిదే.
ఫెర్న్‌లు రెండు, అవే రెండు.
కాగితంలో "మార్పు" అని ఒక గడి ఉంది.
లేదు అని రాసింది.
చెరిపింది.
నాలుగు బారలు అని రాసింది.
అదీ చెరిపింది. కాగితం అక్కడ పలచబడింది.

మేకు పీకి పాత చోటే పాతాలని నియమం.
పాత చోట ఇప్పుడు
ఒట్టి ఎర్రమన్ను, పచ్చి గాయం,
అంచున అప్పుడే తల ఎత్తుతున్న
ఒకే ఒక్క గుర్రపుతోక.

మేకు మీద చెయ్యి వేసింది. కాసేపు ఉంచింది.
తీసేసింది.

"మంచి పని చేశావు," అన్నాడు ఒన్ని.
"మా నాన్న ఆ గదిని రెండుసార్లు
గుర్రాలు కట్టి పైకి లాగించాడు.
తర్వాత గుర్రాలు ముసలివైపోయాయి."