పడ్డదాని మాట

వీస్లావా ఎత్తి వేసిన మొదటి ఒళ్ళు నాది.
వూచ్ నగరం, నూలుమిల్లు వెనక గోదాం,
రంపంపొట్టు కుక్కిన గోనెపరుపులు.
షిఫ్టు దిగినా చెవుల్లో మగ్గాల మోత.

ఆడవాళ్ళకి జూడో పోటీల్లేవప్పుడు.
"గంట కొడుదువుగాని రా" అన్నారు సంఘంవాళ్ళు.
ఆరేళ్ళు కొట్టింది,
మగాళ్ళ కాళ్ళకేసే చూస్తూ,
ఎవరి బరువు ఏ మడమ మీద కూర్చుందో
మనసులో ముడేసుకుంటూ.
రాత్రికి ఆ ముడులన్నీ నామీదే విప్పేది.

నాకొచ్చింది పడటం ఒక్కటే.
గడ్డం గుండెకానించి, అరచెయ్యి నేలకి చరిచి.
ఎన్ని వేలసార్లో, రాసినవాళ్ళు లేరు.

ముప్ఫైనాలుగో ఏట దానికో పోటీ దొరికింది, వియన్నాలో.
ఎదుటి పిల్లకి పందొమ్మిదట.
ఆ సాయంత్రం నేను మగ్గం దగ్గర.
గడియారం నాలుగు కొట్టింది.
ఎడమ మడమే, ఎడమ మడమ, అనుకుంటూ
ఇనపచట్రం మీద ఫెడీమని చరిచాను.
మేస్త్రీ కసిరాడు. దారం తెగింది.

తెచ్చింది కంచే.
కోటైనా విప్పకుండా నా మెళ్ళో వేసి
రిబ్బను సర్దబోయి కాలరు పట్టుకుంది.

అలవాటుకొద్దీ
గడ్డం గుండెకానించాను.