సరి, బేసి

ఇసకపల్లి ఉప్పు కయ్యల మీద
వైశాఖంలో పడకూడని వాన పడింది.
పడమటి గట్టున ఆరు రాశులుండాయి.
ఐదింటి మీద తాటాకు నిలబడింది.
పెంచలమ్మ రాశి మాత్రం
తెల్లారేసరికి చీలమండ లోతు తెల్లటి బురద.

గోగటే గారు పూణే నుంచి వచ్చి అప్పటికి రెండు రోజులు.
ఆయన పుస్తకం మాకు కావలి పీజీ సెంటర్లో పాఠం.
ఇప్పుడు ఆయన మాటకు నేను నోరు,
రోజుకు మూడొందలు, భోజనం వేరే.

"వాయుగుండం" అన్నాను, ఎవరూ అడక్కముందే.
పెంచలమ్మ నన్ను చూసి జాలిపడింది.
"తెలుసులే అబ్బయ్యా, రేడియోలో నేనూ విన్నా.
వాన ఎట్టొచ్చిందని నేనడిగినానా?
ఆరింటిలో నాదే ఎందుకు కరిగిందో, అది చెప్పు."

తాటాకు కట్టు వదులన్నాను.
"ఈ చేత్తో వేసిన ముడే, పదేళ్ళుగా.
నిన్న రాత్రే ఎందుకు వదులైందంట?"

మస్తానయ్య పని, అంది.
చచ్చిపోయిన మరిది.
ఏటా పెట్టే చేపల కూర, సారా చుక్క
రెండేళ్ళుగా పెట్టలేదు.

నేను గోగటే గారికి ఇంగ్లీషులో మూఢనమ్మకమని చెప్పాను.
రాసుకున్నాడు. ఆగాడు. కొట్టేశాడు.
"ఆమె అన్న మాటేంటి?"
"అలిగుండాడు, అంది సార్."
"అయితే అదే రాయాలి.
నిజమా కాదా అని నువ్వు తేల్చే లోపల
ఆమె ఎవరింటికో బయల్దేరిపోతుంది.
వెనకాలే నడువు."

నడిచాను.
ఆ కూర మస్తానయ్య పెళ్ళాం పొయ్యి మీదే ఉడకాలంట.
కామాక్షి, పెంచలమ్మ పక్కపక్క మడుల్లో పార లాగుతా
పీతల వల కాడ ఎప్పుడో రేగిన తగువుకి
రెండేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూడనోళ్ళు.

చేటలో బియ్యం పోశారు. పేరుకొక గుప్పెడు.
జత జతగా తీస్తారు, ఒంటి గింజ మిగిలితే ఆ పేరుదే దోషం.
కామాక్షికి బేసి వచ్చింది.
కామాక్షి ఏడ్చింది, తిట్టింది, చివరికి చింతపండు నానేసింది.
ఆ కూర నేనూ తిన్నాను, ముల్లు గుచ్చుకుంది కూడా.
ఇదంతా ఆయన కొత్త పుస్తకంలో వచ్చింది, నలభై పేజీలు.

రానిది ఒకటుంది.
కామాక్షి లేచిపోయినాక, చేట ఇంకా నేల మీదుండగానే,
మూల కూర్చున్న ముసలాయన చుట్ట తీసి అన్నాడు:
"ఇంకో పేరుండాది గదా.
ఎవురొచ్చినాక పడింది ఈ వాన?"

తలలన్నీ ఒక్కవైపు తిరిగాయి.
అది నేను ఇంగ్లీషులో చెప్పాల్సిన పని లేకపోయింది.

పెంచలమ్మ గుప్పెడు పోసింది.
ఎన్నో దేశాల సోదెలు రాసుకున్న మనిషి,
పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు.
సముద్రం గాలి చల్లగానే ఉండాది,
ఆయన చెవి వెనక చెమట.
నాస్తిక సంఘం కార్డు జేబులో ఉన్న నేను
పెదాలు కదలకుండా జతలు లెక్కపెట్టాను.

పన్నెండు. పద్నాలుగు. సరి.

అందరూ నవ్వేశారు. ముసలాయన చుట్ట మళ్ళీ ముట్టించాడు.
పెంచలమ్మ చేట దులపబోయింది.

"ఆగమను" అన్నాడాయన, నోటుబుక్కు మూసేసి.
"ఇంకొక్కసారి లెక్కపెట్టమను."