క్వారీ గుంత

గుడిపాల దాటినాక, కంకర మిషను నిలిచిపోయిన చోట
వానలు నింపిన గుంత ఒకటుంది.
పేరు లేదు. లోతు మాత్రం మొగిలప్పకు తెలుసు,
ఇరవై ఏండ్లు దాన్ని తవ్వినోడు.

రాత్రి పదికి ఎక్సెల్ బండి ఆపి
కోడిపేగు గాలానికి గుచ్చినాడు.
పాత హవాయి చెప్పు కోసి చేసిన బెండు.
లైటు ఆర్పమన్నాడు.
"మీసాలుండే చేపకు కన్నుతో ఏం పని?
అది ముట్టుకోని చూస్తాది."

చిత్తూరు దిక్కున ఆకాశం
తోమని ఇత్తడి చెంబు.
హైవే మీద మద్రాసు లారీలు గేరు మారుస్తున్నాయి.
మేం మాట్లాడుకోలేదు.
మాట్లాడితే ఆయనకు దగ్గొస్తుంది.

బెండు మునగలేదు. దారం మాత్రం
నా వేలి మీద నిదానంగా బరువెక్కింది,
నిద్రలోకి జారే బిడ్డ తలలా.

లాగితే మార్పు. మోచెయ్యంత.
"పక్కముల్లు, పైలం!" అనేలోపే
బొటనవేల్లో నిప్పు.
ఆయన నవ్వినాడు, నవ్వు దగ్గయింది,
ఆ దగ్గులో ఇంకా ఎవరో
రాయి కొడుతూనే ఉన్నారు.

పెయింటు బక్కెట్లో జానెడు నీళ్లు.
చేప పైకొచ్చి గాలి మింగి
అడుక్కి పోతుంది. టప్. మళ్లీ టప్.
నీళ్లలో ఉండీ దానికి పైగాలే కావాలంట.
మొగిలప్ప బీడీ ముట్టించబోయి
చెవి సందున పెట్టుకున్నాడు.
పనిలేక లెక్కపెట్టినాను:
అది ఒకసారి పైకొచ్చేలోపు
ఆయన పదకొండుసార్లు.

మూడింటికి చినుకులు.
"అమ్ముతావా?" అంటే
"పులుసే. మామిడికాయ ఏసి" అన్నాడు.
బక్కెట్టు మీద గోనెపట్ట కప్పి, తాడు బిగించి,
ఏమనుకున్నాడో, మళ్లీ వదులు చేసి
అంచున వేలెడు సందు ఉంచినాడు.