వస్తువు

చెవులకు హెడ్‌ఫోన్లు, పాదం కింద పెడల్.
నొక్కితే సభ మాట్లాడుతుంది,
వదిలితే నోరు మూస్తుంది.
లుసాకాలో ఇరవై రెండేళ్లుగా నా కొలువు ఇదే.
అన్న మాట రాయాలి, చేసిన పని రాయకూడదు.
కన్నీళ్లకు రూలు లేదు.
నవ్వుకు ఉంది: బ్రాకెట్లో ఒక్క ముక్క.

నలిషేబో ముక్విటా.
జాంబెజీ పొంగితే
ఓట్లపెట్టెలు పడవెక్కే చోటు నుంచి వచ్చింది.
మొదటి ఏడాది ఆమెకు మాట్లాడటం రాలేదు.
అంకెలు మరీ ఎక్కువ చెప్పేది,
మంచినీళ్లు తాగడం మరిచిపోయేది,
‘అధ్యక్షా’ దగ్గర ప్రతిసారీ తడబడేది,
చీకట్లో గడప వెతుక్కునే కాలులా.
ఆ తడబాటు నేను తీసేసేదాన్ని, అది నా పని.
పోనుపోను
తీయడానికి ఏమీ మిగల్చలేదావిడ.

మొగుడి శవం లేవకముందే
మంచమూ కుట్టుమిషనూ మోసుకుపోయిన మరుదుల గురించి.
తనకు రాని భాషలో శిక్ష విని
జడ్జిగారికి దండం పెట్టి
ఇంటికి వెళ్లొచ్చా అని అడిగిన ముసలాయన గురించి.
“దొంగిలించిన సైకిలు తుప్పుపట్టి రాలిపోయింది అధ్యక్షా,
ముద్దాయికి వాయిదా తేదీ ఇంకా రాలేదు.”
ఇది టైపు చేస్తూ నేను పెడల్ వదిలేశాను.
కాసేపు నొక్కలేదు.

ఆ రాత్రి జైళ్ల పద్దు.
తొమ్మిదిన్నర దాటింది,
సభలో పదకొండు మంది, అందులో ఇద్దరికి కునుకు.
“తల్లితో పాటు లోపలికి వెళ్లిన బిడ్డ
ఖైదీ కాదు. సంతోషం.
ఖైదీ కాదు కనుక ఆ బిడ్డ పేర న్షిమా ముద్ద లేదు.
మన చట్టం ఎంత నిక్కచ్చిదో చూడండి.
నిర్దోషి కాబట్టి పస్తు.”

అప్పుడొక చప్పుడు.
బల్ల మీద ఏదో పెట్టినట్టు,
టేపులో అర క్షణం.

అధ్యక్షుడు: గౌరవ సభ్యురాలు ఆ వస్తువును తీసేయాలి.
ముక్విటా: ఖాళీగానే ఉంది అధ్యక్షా.
అధ్యక్షుడు: ఖాళీదైనా వస్తువు వస్తువే.
(నవ్వులు. అంతరాయం.)

వస్తువును సిటాలి తెచ్చి
మా గది పక్కన టీ కాచుకునే చోట పెట్టాడు.
ఇనప పళ్లెం. తెల్లపూత, నీలం అంచు,
ఒకచోట పెచ్చు లేచింది.
ఆమె అడగలేదు, ఎవరూ పట్టుకెళ్లి ఇవ్వలేదు.
వర్షాకాలమంతా
మేం దాంట్లో ఉడికించిన వేరుసెనక్కాయలు తిన్నాం.
ఇదీ రికార్డులో లేదు.

సవరణ వీగిపోయింది.
మరుసటి ఎన్నికల్లో ఆమె కూడా.
మూడేళ్లకు, వేరే బిల్లులో, వేరే పేరు మీద,
ఆ రాత్రి కునుకు తీసిన ఇద్దరిలో ఒకాయన
మంత్రై, మంచి గొంతుతో చదివాడు:
“తల్లి వెంట ఉన్న బిడ్డను భోజనపు లెక్కలో చేర్చవలెను.”
(చప్పట్లు.)
అప్పటికి ఆమె ఊళ్లో
ఎండుచేపల కొట్టు అరుగు మీద కూర్చుని
ఎవరికో బెయిలు కాగితం నింపుతోందట.
సిటాలి చెప్పాడు. నిజమో కాదో.

మొన్న లా చదివే కుర్రాడొచ్చాడు, లుబాసి.
పళ్లెం పెట్టిన ప్రసంగం ఏ సంపుటంలో అని.
అకారాదిలో వెతికాం.
పళ్లెం లేదు, బిడ్డ లేదు.
జైళ్లు: పద్దు, ఆమోదం. అంతే.
నా హెడ్‌ఫోన్లు తీసి వాడి చెవులకు పెట్టాను.
విన్నాడు. ఇంకోసారి అన్నాడు. మళ్లీ నొక్కాను.
“నవ్వుతున్నప్పుడు కింద ఒకరు మాట్లాడుతున్నారు,
మీకు వినపడలేదా?”

ఇరవై రెండేళ్ల చెవులు నావి.
తీసుకుని పెట్టుకున్నాను.
నవ్వుల అడుగున, బరువుగా,
నిద్దట్లోంచి అప్పుడే లేచినట్టున్న గొంతు:
“ఎన్నేళ్లు ఆ బిడ్డకి?”

నేనక్కడ అంతరాయం అని రాశాను.