గీత

జూలై. బల్లారాట్‌లో కారు అద్దం మీది మంచుని
పాత లైబ్రరీ కార్డుతో గీకి గీకి
ఆకుపచ్చ శాలువా చుట్టుకుని పనికి వెళ్తాను.
చనిపోబోతున్నవాళ్ళతో మాట్లాడటం నా పని.
ఉన్నమాట చెప్పాలంటే, మాట్లాడకుండా కూర్చోవడం.
జీతం మాత్రం మాటలకే ఇస్తారు.

నాలుగో గదిలో మార్లీన్.
ముప్ఫై ఏళ్ళు చేపలూ బంగాళాదుంపలూ వేయించిన చేతులు,
మణికట్ల మీద నూనె చిట్లిన మచ్చలు.
కాలేయం నిండా అది.
దాన్ని పేరు పెట్టి పిలవదు, "అద్దెకొచ్చినవాడు" అంటుంది,
"ఓనర్నే ఖాళీ చేయిస్తున్నాడు."

భర్త డెస్మండ్. మతిమరపు జబ్బు.
మంగళవారం మంగళవారం మేనల్లుడు గేటు దగ్గర దింపి వెళ్తాడు.
కారిడార్‌లో నన్ను ఆపి అడుగుతాడు:
"మా ఆవిడకేమైంది? ఇంటికెప్పుడు పంపిస్తారు?"

మొదటి మంగళవారం చెప్పాను.
గోడ పట్టుకుని కూలబడ్డాడు.
రెండో మంగళవారం చెప్పాను.
అదే గోడ. అదే చెయ్యి.
అంతకుముందు విననట్టు అదే ముఖం.
విననట్టు ఏమిటి, వినలేదు.

నిజం నిప్పులాంటిదంటాం.
ఒకే చేతిని ఎన్నిసార్లు కాల్చాలో ఎవరూ చెప్పలేదు.

మార్లీన్ అంది: "ఇక చెప్పకు.
డెస్ ఏడ్చిన ప్రతిసారీ నేనొకసారి పోతున్నాను.
నాకు ఒక్కసారి చాలు."

పైఅధికారి హీథర్‌ని అడిగాను.
"అడిగిన మనిషికి అబద్ధం చెప్పకూడదు" అంది.
చెంచాతో టీ తిప్పుతూ,
"అంతా చెప్పి తీరాలనీ లేదు" అంది.
ఆ రెండు మాటల మధ్య ఇరుకు సందులో
నన్ను నిలబెట్టి, ఇంకా తిప్పుతూనే ఉంది.
అందులో చక్కెర వేసుకోలేదు తను.

మూడో మంగళవారం.
"మా ఆవిడకేమైంది?"
"ఇవాళ కాస్త అలిసిపోయింది" అన్నాను.
జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు.
నవ్వాడు.
ఆ నవ్వు నాకే కావలసి వచ్చిందని
ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది.

అబద్ధమాడితే అన్నం పుట్టదనేది మా అమ్మమ్మ.
ఆ రాత్రి అన్నం పలుకు పలుకుగా ఉడికింది.
మారు వడ్డించుకున్నాను కూడా.

ఐదో మంగళవారం కుర్చీ మీద నోట్‌బుక్ మరిచిపోయాడు.
ఎవరిదో చూడటానికి తెరిచానని రిపోర్టులో రాశాను.
ఎవరిదో నాకు తెలుసు.

గ్యాస్ కట్టెయ్.
బుధవారం చెత్తబండి, పసుపు మూత డబ్బా.
బస్టర్ చనిపోయాడు, గిన్నెలో నీళ్ళు పొయ్యకు.
తర్వాతి పేజీలో, అక్షరాలు పెద్దవి చేసి:
మార్లీన్ బతకదు.
తనని అడగకు, బాధపడుతుంది.
ఆకుపచ్చ శాలువా మనిషిని అడుగు. ఆమె నిజం చెబుతుంది.

కింద, వేరే రంగు ఇంకుతో:
అడిగాను. అలిసిపోయిందంతే.
పైన, "బతకదు" అన్న వాక్యం మీద
స్కేలు పెట్టి కొట్టినంత తిన్నగా
ఒక గీత.

రెండు మంగళవారాలు రాయించి, ఒక మంగళవారం కొట్టేయించాను.
ఆ మనిషికి గుర్తుండేదల్లా ఈ కాగితమే,
దాని మీద నా చెయ్యి పడింది.
పేజీ చింపెయ్యనా? గీత మీద మళ్ళీ రాయనా?
ఎవరి చేతిరాతతో?

బయట చప్పుడు. జేబులు తడుముకుంటూ డెస్మండ్.
నోట్‌బుక్ ఇచ్చాను. పేజీ తిప్పాడు,
పెదాలు కదుపుతూ చదివాడు,
నా భుజాల వైపు చూశాడు.
"మీరేనా ఆకుపచ్చ శాలువా?"

నాలుగో గది తలుపు ఓరగా ఉంది.
మార్లీన్ దగ్గు, ఆగి, మళ్ళీ.

"నేనే" అన్నాను.
కుర్చీ లాగాను,
గోడకి దూరంగా.