సున్నా గీత

హార్బరులో నా కొలువు
నీళ్ళలో పాతిన కొలబద్ద మీద గీతలు చదవడం.
గంటకోసారి సముద్రం ఎంత ఎత్తుందో
పుస్తకంలో రాసి సంతకం పెట్టడం.
ఇరవై మూడేళ్ళలో నేను చూసిన మహా ఎత్తు
ఒకటిన్నర మీటరు చిల్లర,
అదీ తుపాను రాత్రి.

అలాంటిదాన్ని పట్టుకుని
నాలుగు వేల ఎనిమిది వందలకు వస్తావా
అని అడిగింది ఎస్తేరు,
రాయపురం దాకా తోడు రమ్మన్నట్టు,
టీ గ్లాసు చేతికిస్తూ.

మార్చి నుంచి ప్రతి ఆదివారం పరంగిమల మెట్లు.
నూట ముప్ఫై చిల్లర. పైకీ కిందికీ పదిసార్లు,
వీపు సంచిలో ఐదేసి కిలోల పొన్ని బియ్యంతో.
ఆరుగురం.
మోకాళ్ళపర్వతం మూడుసార్లు ఎక్కానని
హిమాలయాలకు సిఫారసు ఉత్తరం ఉన్నట్టు మాట్లాడే పంకజాక్షమ్మ,
బియ్యానికి బదులు ఇసుక మోసే కోదండపాణి,
ఇళవరసన్, నౌషాద్, మేమిద్దరం.
చెమట కళ్ళలోకి కారుతుంటే
నెత్తి మీదుగా దిగేవి విమానాలు.
"అదుగో, దానికంటే పైన నడవబోతున్నాం"
అనేవాడు నౌషాద్, రొప్పుతూ.

అక్కడ ఊపిరి రేషను సరుకు.
పది అడుగులు, ఒక ఆగడం.
నీళ్ళు తెర్లుతాయి, పప్పు మాత్రం ఉడకదు.
ముందు జోకులు పోయాయి, తర్వాత మాటలు,
ఆ తర్వాత పంకజాక్షమ్మ గోవింద నామాలు.
మిగిలింది ముందు నడిచే మనిషి మడమలు.
నాలుగు రోజులు నేను చూసిన హిమాలయం
చాలామటుకు
ఇళవరసన్ ఎడమ బూటు, దాని ఊడిన కుట్టు.

కనుమకు ముందు రాత్రి
గైడు దేవీసింగ్ టార్చి పళ్ళ మధ్య పట్టుకుని
ఒక్కొక్కరి వేలికీ క్లిప్పు పెట్టి అంకె చదివాడు.
ఎస్తేరు దగ్గర రెండుసార్లు చదివాడు.
ఆమె డేరా గుడ్డను చూస్తూ అడిగింది:
"బేసిన్ బ్రిడ్జి వచ్చిందా?
ఇక్కడ ఎప్పుడూ ఇంతే, సిగ్నల్ ఇవ్వరు."

ఎవరో ఒకరు కిందికి పోవాలి ఆమెతో.
స్టవ్ బుస్సుమంటోంది.
దాచుకున్న సెలవులు, కొన్న బూట్లు,
ఎక్కి దిగిన మెట్లు
అందరూ మనసులో కూడుకుంటున్నారు.
నేను పోతానన్నాను.
నౌషాద్ నా రెండు చేతులూ పట్టుకున్నాడు.
పంకజాక్షమ్మ కళ్ళు తుడుచుకుంది.

రాత్రంతా దిగాం, దేవీసింగ్ తమ్ముడు ముందు, నేను వెనక.
"బేసిన్ బ్రిడ్జి దాటాం ఎస్తేరూ, ఇంకొంచెం,
ప్లాట్‌ఫారం కనిపిస్తోంది" అంటూ
నోటికొచ్చిన స్టేషన్లన్నీ చెప్పాను.
తెల్లారేసరికి గొర్రెలవాళ్ళ రాతిగోడ దగ్గర
ఆమె నా పేరు పలికింది, ఇంటిపేరుతో సహా.
తర్వాత ఆకలన్నది.

ఫోటోలో నలుగురు. మంచు, జెండా, పళ్ళు.
కోదండపాణి పైనుంచి తెచ్చిన రాయి
ఇప్పుడు నా పుస్తకం గాలికి ఎగరకుండా కూర్చుంటుంది.
కొలబద్ద చూస్తాను: సున్నా పాయింటు ఆరు రెండు.
వాళ్ళు ఎక్కిన ఎత్తంతా
ఇలాంటి నీటిగీత నుంచి మొదలైన లెక్కే కదా
అని ఒక మధ్యాహ్నం గొప్పగా అనుకున్నాను.
వెంటనే సిగ్గేసి రాయిని పక్కకు జరిపాను.

నిన్న మళ్ళీ పరంగిమల.
ఎనభయ్యో మెట్టు దగ్గర ఎస్తేరు కూర్చుంది.
ఆ రాత్రి ఆమెకేమీ గుర్తు లేదు,
వాళ్ళు చెప్పిన నా కథ తప్ప.
ఆ కథలో నేను చాలా మంచిదాన్ని.
"నువ్వు పైకి పోగలిగేదానివే" అన్నది.

"నాకూ ఆ సాయంత్రం నుంచి తల పగిలిపోతోంది" అన్నాను.
"ఎవరికీ చెప్పలేదు.
నువ్వు స్టేషన్ పేరు అడగ్గానే
ముందు నాకు ప్రాణం లేచొచ్చింది."

అప్పుడే దిగుతోంది ఒక విమానం.
ఎంతవరకు వినబడిందో తెలియదు.
సంచి విప్పి, నా బియ్యంలోంచి
సగం తన సంచిలోకి ఒంపుకుంది.