తాడుచుట్టం

బోరుబండ్లు అమ్రాబాద్ గుట్టలు దిగిపోయి
యాభై మూడు తేనెకాలాలు.
మేం ఏండ్లను గట్లనే లెక్కవెడ్తం.
అవి పొడిచిన బొక్కల్ల ఇప్పుడు
తొర్రపురుగు కాపురముంటది.
పెరతేనె మాత్రం పాతకాడనే,
చరియ కింద, తాడుకు వేలాడితేనే అందేకాడ.

తాడు పట్టేది బామ్మర్ది.
అక్క బొట్టు పోవద్దని విడువడు.
పాత లెక్క. గట్టి లెక్క.

గురివిందకు బామ్మర్ది లేడు.
పెండ్లాం లేదు, మొగడు లేడు.
పొద్దున గోచి, మాపటికి పూసలు,
ఒక్కోనాడు రెండూ.
గురివింద గింజకు తన నలుపు తెల్వదంటరు గదా,
మా గురివిందకు ఎరుపూ ఎరుకే, నలుపూ ఎరుకే,
రెండూ తాకే గీత మీదనే ఇల్లు కట్టుకున్నరు.

తేనె నాకి చెప్తరు,
ఏ వాగుల విషముందో, ఏ పక్క వాన తప్పుతదో.
పట్నం నుంచి మిషన్లు మోసుకొచ్చి
చదువుకున్నోళ్లు ఆ నాలుక ముందు
సాపలేసుకొని కూసుంటరు.

పోయినేడు లెక్కలపక్షి వచ్చింది.
రేకు రెక్కలు, తియ్యటి గొంతు.
‘తేనెకు పోయిన మనిషి
వచ్చిండా, వచ్చిందా?’
ఉడుతల పెద్దీరన్న చుట్ట తీసి
‘వచ్చిన్రు’ అన్నడు.
‘ఎందరు?’
‘ఒక్కరే.’
పక్షి చానసేపు గాలిలనే గిరగిర తిరిగింది.
ఆఖరికి ఇప్పచెట్టుల పడ్డది.
దాని రెక్క మీద మా చెల్లె మిరపకాయలెండవెడ్తది.

తాడు ఎవరు పట్టాలని
పెంటంతా మూడు రాత్రులు కొట్లాడిన్రు.
నాలుగోనాడు నేను పోయి పట్టిన.
ఆడదాన్ని. దగ్గరి చుట్టాన్ని గూడ కాను.
అడ్డాకు నార, బోరుబండి కేబుల్ కలిపి పేనిన తాడు,
అరచెయ్యి ఒలిచింది.
‘నాకేమైతవే నువ్వు?’
కిందికెల్లి అరిసిన్రు, పొగల దగ్గుకుంట.
బావా అననా, వదినా అననా,
రెండూ గొంతుల అడ్డంపడి
‘తాడుచుట్టం’ అన్న.
అంత నవ్వు ఆ చరియ ఎన్నడూ వినలేదు.
ఈగలు లేసినయి. నన్ను ఏడుచోట్ల కుట్టినయి.

ఇయ్యాల అమాస.
మేం ఎగరేసిన చుక్క, ఇప్పపువ్వంతది,
మన్ననూరు మీదికెల్లి పోతాంది.
దాని దిక్కు చూడ.
నా చూపంతా చేతులనే.

రెండుసార్లు గుంజితే పైకి లాగాలె.
ఒక్కసారైతే ఇంకింత వదలాలె.

ఒక్కసారి.
మళ్ల ఒక్కసారి.
కాళ్ల కాడ చుట్ట ఇంకా శాన ఉంది.
ఎంత లోతుకు పోతరో
అడగలేదు.
వదులుతున్న.